కోటయ్య మాస్టారి పొరపాటు

మిల్లులో ఎండుమిర్చి పోయగానే ఘాటు గొంతుకు తగిలి అందరూ కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం దగ్గుతో పాటు నవ్వూ వస్తుంది. పర్చూరు దగ్గర మా హైస్కూలును ఆనుకునే మిరపకల్లాలు ఉండేవి. కాయ ఎండే రోజుల్లో మేమంతా దగ్గుతూనే కోటయ్య మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకున్నాం.

ఆచారాలంటే నాకు గిట్టదు, ఆయన క్లాసులోది తప్ప. బోర్డు మీద ఆయన తప్పు చేస్తే, పట్టుకున్నవాళ్లు వెళ్లి సుద్దముక్క అందుకోవాలి. ఆయన వచ్చి వాళ్ల చోట కూర్చుంటారు. "నేను చెప్పానని నమ్మితే మీకు సున్నా" అనేవారు. పెద్దల మాటకు తలూపడమే చదువనుకున్న పంతొమ్మిదివందల యాభైల్లో ఆ మాట అనడానికి గుండె కావాలి.

ఒక యేడు నేను పై తరగతికి కాంపోజిట్ లెక్కలు అడిగాను. అవి చదివితేనే కాలేజీలో సైన్సు. "ఆడపిల్లవి, జనరల్ లెక్కలు చాల్లేమ్మా" అన్నారు హెడ్మాస్టరు. మాస్టారు నన్ను వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్లారు.

"ఆడపిల్లలకు ఎక్కవని రుజువేమిటండీ?"

"రుజువేంటయ్యా? అనుభవం!"

"ఇంతవరకూ ఒక్క ఆడపిల్లనీ కూర్చోబెట్టలేదు. అనుభవం ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

హెడ్మాస్టరుకు కోపమొచ్చింది. నన్ను జనరల్ లెక్కల్లోనే వేశారు.

కొన్నాళ్లకు మాస్టారి పేరు ఉత్తమ ఉపాధ్యాయ బహుమతికి వెళ్లింది. పాఠం చూడటానికి ఇన్‌స్పెక్టరు వచ్చి, హెడ్మాస్టరుతో వెనక కూర్చున్నారు. రెండు భుజాలూ ఒక కోణమూ సమానం కనుక రెండు త్రిభుజాలూ సర్వసమానమని రాశారు మాస్టారు. ఆ కోణం ఆ భుజాల మధ్యది కాదు! నేను కదలగానే పక్కనున్న సుభద్ర నా జడ పట్టుకుంది.

"కూర్చోవే! నీ మూలంగా ఆయన బహుమతి పోద్ది."

అదే నా భయమూ. కానీ తప్పు తప్పే. లేచి చెప్పాను. మాస్టారు బోర్డు వంక చూసి పకపకా నవ్వారు. "రామ్మా" అని సుద్దముక్క ఇచ్చి, నేరుగా వచ్చి ఆడపిల్లల బెంచీ మీద కూర్చున్నారు. సుభద్ర గోడకు అతుక్కుపోయింది. అవే కొలతలతో పొంతన లేని రెండు త్రిభుజాలు గీసి చూపించాను.

"ఇది ముందే అనుకున్నదా మాస్టారూ?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"లేదండీ, నా పొరపాటే. ఈ అమ్మాయినేనండీ, కాంపోజిట్ లెక్కలు ఎక్కవని జనరల్‌లో వేశారు."

ఇన్‌స్పెక్టరు పక్కకు తిరిగారు. "అలాగా?"

"ఇంకా ఖాయం చెయ్యలేదండీ," అన్నారు హెడ్మాస్టరు.

జూన్‌లో కాంపోజిట్ క్లాసులో మగపిల్లల మధ్య నేనొక్కదాన్నీ కూర్చున్నాను. మాస్టారికి బహుమతీ వచ్చింది. సన్మానసభలో ఒకాయన ఆయన్ను దైవాంశసంభూతుడన్నాడు. "రుజువు చెయ్యండి" అన్నారు మాస్టారు కుర్చీలోంచే.

తర్వాత నేనూ చాలా వేదికలెక్కాను. దెయ్యాల మీద, ముహూర్తాల మీద, ఆడదాని బుర్ర చిన్నదనే పండితుల మీద గొంతు చించుకున్నాను, తగ్గలేదు. ఎప్పుడైనా నా మాటే తప్పని తేలితే మాత్రం అక్కడే, అందరి ముందే ఒప్పుకుంటాను. అందులో చిన్నతనమేమీ కనిపించదు నాకు. బహుమతి చేజారేలా ఉన్న క్షణంలో కూడా, ఒక మనిషి ఎంత సంతోషంగా ఉండగలడో నేను దగ్గరగా చూశాను.