బావ వాల్చిన కిటికీ

మా బావ కిటికీలు చేసేవాడు. అలాంటిలాంటి కిటికీలు కావు. ఆయన చేసిన కిటికీ మూసి ఉంటే దోమలు కుటుంబాలతో సహా వచ్చి, కాసేపు చూసి, మొహం వేలాడేసుకుని వెళ్లిపోయేవి. ఇది నేను కళ్లారా చూశాను. నేను చెప్పేవాటిలో సగం నమ్మొద్దని మా అక్క అందరికీ చెబుతుంటుంది కాబట్టి, దీన్ని మీరు నమ్మే సగంలో వేసుకోండి.

మా అక్క అద్దాలు తుడిచేది. మేముండే భవనంలో కిటికీలన్నీ తళతళలాడించడం ఆవిడ ఉద్యోగం. అక్క తుడిచాక అద్దం ఉందో లేదో తెలియక ఒక పావురం ఢీకొట్టి ముక్కు వంకర చేసుకుంది. ఆ తర్వాత అది మా వీధిలో నడిచే తిరిగేది, ఎగిరే ధైర్యం మళ్లీ చేయలేదు.

ఆ భవనం కిటికీలు పాతకాలానివి. పై సగం చెక్కే. కింది అద్దపు రెక్క గాడిలో పైకీ కిందికీ జరుగుతుంది, అంతే. లోపలికి రాదు, బయటికి పోదు. మరి అద్దం బయటివైపు తుడిచేదెలా? రెక్కను పైకి లేపి, వీధికి వీపు పెట్టి కిటికీ గట్టు మీద కూర్చోవాలి. నడుము దాకా బయట, కాళ్లు లోపల. అప్పుడు రెక్కను మళ్లీ తొడల మీదికి దించుకుని, బయటి నుంచి తుడవాలి. మూడో అంతస్తులో అలా కూర్చుని మా అక్క ఎదురింటి టైలరమ్మతో కబుర్లు చెప్పేది. ఎదురిల్లు వీపు వెనక ఉంటుంది కదా, వెనక్కి వాలి, మెడ తిప్పి మరీ చెప్పేది.

లోపల నేలమీద మా బావ మోకాళ్ల మీద కూర్చుని, అక్క చీలమండలు రెండూ రెండు చేతులతో పట్టుకుని ఉండేవాడు.

అద్దాలు తుడిచే రోజున ఆయన పనికి సెలవు పెట్టేవాడు. వర్క్‌షాపు యజమాని మొదట్లో కారణం అడిగేవాడు. తర్వాత అడగడం మానేసి నవ్వడం మొదలుపెట్టాడు. వీధిలోవాళ్లు "కాళ్ల బావ" అని పేరు పెట్టారు. ఆ పేరు నేనే పెట్టానని కొందరంటారు. ఊళ్లో మంచి పేర్లన్నీ నా మీదికే వస్తాయి, ఏం చేస్తాం.

"అందరు మొగుళ్లూ తప్పు చేశాక పట్టుకుంటారు బావా. నువ్వు ముందే పట్టేసుకుంటున్నావు, తెలివైనోడివి," అని ఏడిపించేవాణ్ణి.

"నోర్మూసుకోరా. నవ్వొస్తే చేతులు కదుల్తాయి," అనేవాడు అద్దం వైపు నుంచి చూపు తిప్పకుండానే.

బావకు ఎత్తంటే చచ్చేంత భయం. ఆయన చేసిన కిటికీలను గోడల్లో బిగించడానికి వేరేవాళ్లు వెళ్లేవారు. ఇంట్లో బల్బు మార్చాలన్నా కుర్చీ ఎక్కేది అక్కే. కానీ కిటికీ అంటే ప్రాణం. ఎవరింటికి వెళ్లినా మనుషులకన్నా ముందు కిటికీని పలకరించేవాడు. ఒకసారి వాళ్ల పెదనాన్నను చూడ్డానికని ఆసుపత్రికి వెళ్లి, మంచం పక్కనున్న కిటికీ గడియ బిగించి, ఆయనకెలా ఉందో అడక్కుండానే తిరిగొచ్చాడు. పెదనాన్న లేచి కూర్చున్నాడు లెండి. ఈదురుగాలి ఆగింది కాబట్టే బతికాడని బావ ఇప్పటికీ అంటాడు.

అన్నిటికన్నా ఆయన గడియలు పేరుమోసినవి. ఒకసారి పడ్డాయంటే అంత తేలిగ్గా ఊడవు. "మీ గడియ తియ్యాలంటే ఇంట్లో ఒక పహిల్వాన్ను పెంచుకోవాలండీ," అని అక్క విసుక్కునేది. ఆయన దాన్ని పొగడ్తగా తీసుకునేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. రావలసినదంతా నాకప్పటికే వచ్చేసింది. ఆ సంగతి మా లెక్కల మాస్టారికి మాత్రం చివరిదాకా తెలియలేదు. అందువల్ల నాకు తీరిక ఎక్కువ. ఆ తీరికలో ఒక మధ్యాహ్నం వర్క్‌షాపుకు వెళ్లేసరికి బావ బల్ల మీద పడిన స్క్రూను తియ్యబోతున్నాడు. వేళ్లు దాని మీద అటూఇటూ నడుస్తున్నాయి గానీ అది చేతికి రావడం లేదు.

"ఏంటి బావా, స్క్రూకి చక్కిలిగింతలు పెడుతున్నావా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. తలుపు వైపు చూసి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"వేళ్లలో తెలియట్లేదురా. చలికాలం నుంచీ. కోత మెషీను అదురంతా వేళ్లలోకే పోయిందన్నాడు డాక్టరు. మానెయ్యమన్నాడు. మానేసినా పోయింది వస్తుందో రాదో చెప్పలేనన్నాడు."

"మరి మొన్న అక్క కాళ్లు పట్టుకున్నావు కదా?"

"పట్టుకున్నాననే అనుకున్నా. వంగి చూస్తే గానీ తెలీలేదు, చేతులు అక్కడే ఉన్నాయని."

ఆ స్క్రూను నేనే తీసి ఆయన అరచేతిలో పెట్టాను. అడక్కుండా నేనొక పని చెయ్యడం మా వీధిలో వార్తే.

"అక్కకు చెప్పెయ్ బావా."

"చెప్తే ఆగుతుందనుకుంటున్నావా? 'సరే, మీరు రెస్టు తీసుకోండి' అని ఒక్కతే గట్టెక్కి కూర్చుంటుంది. మీ అక్క సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

"పోనీ నేను పట్టుకుంటాలే."

"నువ్వా? రోడ్డు మీద ఎవడైనా కేకేస్తే వదిలేసి పోతావు." ఆ మాట నాకు కష్టంగా తోచింది. అబద్ధమని మాత్రం తోచలేదు.

"అయితే ఏం చేద్దాం?"

"కిటికీ మార్చేద్దాం," అన్నాడు.

మళ్లీ అద్దాలు తుడిచే రోజు వచ్చేలోపు అయిపోవాలి. బావ పాత సామాన్ల కొట్టు నుంచి ఒక కిటికీని తెచ్చి వర్క్‌షాపు మూలన నిలబెట్టాడు. మొదటి ఉపాయం నాదే. రెక్కకు సరిగ్గా నడిమధ్య ఇరుసు పెట్టి గిర్రున తిప్పేస్తే బయటివైపు లోపలికి వచ్చేస్తుందన్నాను. గొప్ప ఉపాయమే. కాకపోతే అది తిరిగే దారిలో ఇంట్లోనైతే తెర, తెర కర్ర, ఇక్కడ పక్కన నిలబడి సలహా ఇస్తున్న నా గడ్డం, అన్నీ ఉన్నాయి. ఆ దెబ్బకు నేను రెండు వీధుల అవతల కళ్లు తెరిచానని జనం చెప్పుకుంటారు. చెప్పుకునే జనంలో నేనే ఎక్కువ.

బావ ఇంకోలా ఆలోచించాడు. రెక్క ఎప్పట్లాగే గాడిలో పైకీ కిందికీ జరగాలి. కింది అంచున ఇటొకటి అటొకటి ఇనప మేకులు గాడిలోనే ఉండిపోతాయి. పై అంచున రెండు గడియలు. ఆ రెండూ లాగితే పై అంచు గాడి నుంచి బయటపడి రెక్క గది లోపలికి వాలుతుంది. పక్కన తోలు పట్టీలు పట్టి ఉంచుతాయి. పట్టీని దగ్గరి కొక్కేనికి తగిలిస్తే పైన బెత్తెడు సందు, వేడిగాలి అందులోంచి పోతుంది. పట్టీ పూర్తిగా వదిలితే రెక్క బల్లలా పడుకుంటుంది, బయటి అద్దం మన కళ్ల ముందు వెల్లకిలా. ఇంట్లో నిలబడి తుడుచుకోవచ్చు. అద్దం కోసం ఎవరూ గట్టెక్కనక్కర్లేదు.

మా ఇంటి కిటికీకే మొదట బిగించాం. మేం అంటే, బిగించే మనిషి బిగించాడు, నేను అజమాయిషీ చేశాను, బావ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

అక్క కొంగు దోపుకుని వచ్చి నిలబడింది. "ఏంటిది? కిటికీకి కళ్లు తిరిగాయా? ఇలా వాలిపోయిందేం?"

"ఇక్కడ నిలబడే తుడుచుకోవచ్చే," అన్నాడు బావ.

"అంటే ఇన్నేళ్లూ నాకు తుడవడం రాలేదనా?"

"రాలేదని ఎవరన్నారే."

"మరి ఉన్నదానికేమొచ్చింది? నా పాటికి నేను కూర్చుంటున్నా, మీ పాటికి మీరు పట్టుకుంటున్నారు."

బావ నా వంక చూశాడు. నేను పైకప్పు వంక చూశాను.

అవతలి నుంచి టైలరమ్మ కేకేసింది. "వదినా! ఇవాళ బయటికి రావా? బోలెడు కబుర్లున్నాయి!"

"రానిస్తేగా వదినా! మీ అన్నయ్య నాకు బల్ల వేశాడు!"

అయినా చెయ్యి పెట్టి చూసింది. గడియలు వేలు తగిలితే చాలు, వెన్నలా జారాయి. అక్క కనుబొమ్మలు పైకి లేచాయి. పట్టీని దగ్గరి కొక్కేనికి తగిలించింది. ఎండాకాలంలో పెనంలా కాలే ఆ గదిలో గాలి ఆడింది. "ఊఁ," అంది. మా అక్క నోటి వెంట అది సన్మానం.

సాయంత్రం పట్టీ కొక్కెం నుంచి తీసి, కిటికీ మూసేసి అందరం కూర్చుని ఉండగా గాలి లేచింది. నేను చెబితే నమ్మరు గానీ, ఆ గాలికి టైలరమ్మ ఆరేసిన జాకెట్టు వచ్చి మా బయటి గోడకున్న మేకుకు తానే తగులుకుంది. గాలి కిటికీని ఒక్క తోపు తోసింది. రెండు గడియలూ ఒకేసారి జారాయి. రెక్క దభీమని లోపలికి పడి, పట్టీలకు వేలాడింది. దాని కింద, ఒక్క క్షణం ముందు అక్క కూర్చున్న కుర్చీ మాత్రం ఉంది. నీళ్ల గ్లాసు కోసం అప్పుడే లేచింది.

అద్దం పగల్లేదు. బావ మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది.

అక్క వెళ్లి గడియ వేలితో కదిపింది. వేసింది, తీసింది. మళ్లీ వేసింది, తీసింది.

"ఇది మీరు చేసిన గడియ కాదు."

"నేనే చేశా."

"మీరు చేస్తే ఇంత వదులుగానా? పసిపిల్లలు ఊదితే ఊడేలా ఉంది." ఆయన వైపు తిరిగింది. "ఇది మీ చేతికి బిగుతుగానే అనిపించిందా?"

అక్క ఆయన ఎదురుగా కూర్చుని, "చెయ్యిలా ఇవ్వండి, కళ్లు మూసుకోండి," అంది. జడలోంచి పిన్ను తీసి ఆయన చూపుడువేలి కొసన గుచ్చింది. బావ కళ్లు మూసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. "ఎప్పుడు గుచ్చుతావు?" అన్నాడు.

అక్క పిన్ను పక్కన పెట్టింది.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

"అంటే మొన్న అద్దాలు తుడిచినప్పుడు కూడా..."

"ఊఁ."

"నీకు తెలుసా?" అని నా మీదికి తిరిగింది. నేను అబద్ధాలాడటంలో అంత పేరున్నవాణ్ణి, ఆ వేళ ఒక్కటీ తట్టలేదు.

"అంత వెనక్కి ఎందుకు వాలేదాన్ననుకున్నారు?" అంది బావతో. "మీరు పట్టుకున్నారనే కదా! లేకపోతే నాకు మాత్రం భయం ఉండదా? ఆ టైలరమ్మ కబుర్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటానా?"

ఇన్నేళ్లూ అక్కకు భయమన్నదే తెలియదని బావా నేనూ అనుకున్నాం. ఇద్దరిలోనూ తెలివైనవాణ్ణి కాబట్టి ముందుగా నోరు తెరుచుకుని ఉండిపోయింది నేను.

ఆ తర్వాత అక్క చాలాసేపు తిట్టింది. కిటికీని తిట్టింది, మెషీనును తిట్టింది, వర్క్‌షాపు యజమానిని తిట్టింది, అలవాటు కొద్దీ నన్నూ తిట్టింది. తిట్లు అయ్యాక గడియ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"లోపలి స్ప్రింగు మీ పాతరకమే పెట్టండి, రాయిలా ఉండేది."

"పెడితే నేను తియ్యలేనే."

"వేళ్లతో ఎవరు తియ్యమన్నారు? ఇంత పొడుగు పిడి పెట్టండి. మణికట్టుతో నొక్కండి, మోచేత్తో నొక్కండి. ఇంటెడు సామాను చేతుల్లో పెట్టుకుని తలుపులు మోచేత్తో తీసుకోవట్లేదా నేను?"

బావ ఆ పిడి ఎంత పొడుగుండాలో గాల్లోనే కొలవడం మొదలుపెట్టాడు.

కొత్త గడియకు జానెడు పిడి వచ్చింది. ఎంత గాలి వచ్చినా అది కదల్లేదు. బావ మోచేత్తో ఒక్క నొక్కు నొక్కితే లొంగేది. ఆయన కోత మెషీను వదిలేశాడు. యజమాని సణిగాడు గానీ, కొలతలూ నమూనాలూ చూసుకోమని పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అక్క భవనంలో ప్రతి గుమ్మం ముందూ నిలబడి, ఇక మీద గట్టెక్కేది లేదని, అద్దం మెరవాలంటే రెక్క మార్పించుకోమని చెప్పొచ్చింది. కొందరు మార్పించుకున్నారు. రెండో అంతస్తు మామ్మ ఒప్పుకోలేదు. ఆవిడ కిటికీ ఇప్పటికీ మసకే.

అద్దాలు తుడిచే రోజు వచ్చింది. బావ అలవాటుగా సెలవు పెట్టాడు. రెక్క వాల్చి అక్క తుడుస్తుంటే, తనకేం పని లేక గది మధ్య నిలబడ్డాడు.

"అలా స్తంభంలా నిలబడితే వెలుగు రావట్లేదు. ఆ మూల మీరు తుడవండి," అంది అక్క, ఒక గుడ్డ ఇచ్చి.

బావ తుడిచాడు. అద్దం మీద చారలు పడ్డాయి. నేను మెచ్చుకోబోతే అక్క ఉరిమి చూసింది.

"నొక్కి తుడవండి."

"నొక్కుతున్నానో లేదో తెలియట్లేదే."

అక్క తన గుడ్డ వదిలేసి, ఆయన చేతి మీద తన చెయ్యి వేసి, అద్దానికేసి అదిమి ఒక్క లాగు లాగింది. అద్దం కీచుమంది.

"ఆ చప్పుడు వచ్చేలా నొక్కాలి. చెవులు బాగానే ఉన్నాయిగా?"

"ఉన్నాయి," అన్నాడు బావ. మళ్లీ తుడిచి, తల ఒక పక్కకు వంచి విన్నాడు.