బరికె దెబ్బలు తిన్న మూడో రోజు

ఆళ్లగడ్డ హైస్కూల్లో ఏడో తరగతి చదివేటప్పుడు నేను ఒక పిల్లవాణ్ణి కొట్టి ఏడిపించేవాణ్ణి. అది తెలిసి హెడ్మాస్టరు నన్ను ప్రేయర్లో అందరి ముందు చింత బరికెతో కొట్టాడు. ఆ దెబ్బలతో నాకు బుద్ధి వచ్చింది. టీచరుగా చేరిన కొత్తలో ఈ కథ నేను చాలామందికి చెప్పాను. ఇందులో మొదటి రెండు మాటలు నిజం. మూడోది అబద్ధం. దెబ్బలు తిన్న మూడో రోజు ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు కథ చెప్పడం మానేశాను గానీ, అది అబద్ధమని కూడా చెప్పలేదు.

ఈమధ్య నంద్యాలలో నాతో కలిసి పనిచేసిన ఒక మాస్టారు రిటైరయ్యాడు. సన్మానం రోజు ఆయన మైకు ముందు నిలబడి నా కథే ఎత్తుకున్నాడు. ఇప్పుడు పిల్లల మీద చెయ్యి వెయ్యనివ్వడం లేదనీ, ఆ రోజుల్లో నాలుగు పడబట్టే ఇదిగో ఈయన ఇట్లా తయారయ్యాడనీ నన్ను చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం కూడా పెట్టాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాయన తాలూకాఫీసులో గుమాస్తా. నేను తరగతిలో అందరికంటే పొట్టి. ఆ పిల్లవాడు అందరికంటే పొడుగు. నల్లమల అంచున ఉన్న చెంచు గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. వాళ్ల నాయన అడవిలో వెదురు కొట్టే పనికి పోయేవాడు. పిల్లవాడు ఎక్కువ మాట్లాడేవాడు కాదు, మాట్లాడితే మెల్లగా మాట్లాడేవాడు.

మా సోషల్ సారుది ఒక పద్ధతి. అది ఆయన కనిపెట్టింది కాదు, చాలా బడుల్లో ఉండేదే. ప్రశ్న అడుగుతాడు. జవాబు రానివాళ్లంతా నిలబడాలి. జవాబు చెప్పినవాడు వరసగా పోయి ఎడమ చేత్తో ఒక్కొక్కరి ముక్కు పట్టుకుని కుడి చేత్తో చెంప మీద కొట్టాలి. మొదటిసారి ఆ పని నా మీద పడినప్పుడు నేను ఊరికే తాకించి వదిలాను. సారు నన్ను పిలిచి, నా ముక్కు పట్టుకుని, ఎట్లా కొట్టాలో నా చెంప మీదే చూపించాడు. ఆ తర్వాత గట్టిగా కొట్టుకుంటూ వచ్చాను. చివరి వరసలో ఆ పిల్లవాడున్నాడు. మునివేళ్ల మీద లేచినా నాకు వాడి ముక్కు అందలేదు. తరగతంతా గొల్లుమంది. నవ్వింది వాణ్ణి చూసి కాదు, నన్ను చూసి. అప్పుడు వాడు మోకాళ్లు కొంచెం మడిచి, ముఖం నా ముందుకు వంచి, కళ్లు మూసుకున్నాడు.

నాకు సాయం చేద్దామనే అట్లా చేశాడని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది. మిగతావాళ్ల కంటే వాణ్ణే గట్టిగా కొట్టాను. సారు మెచ్చుకున్నాడు.

అట్లా మొదలైంది. తరగతి బయట, బోరింగు దగ్గర వాడు పళ్లెం కడుక్కుంటుంటే పోయి వంగమనేవాణ్ణి. వంగేవాడు. కొట్టేవాణ్ణి. నన్ను చూసి మిగతావాళ్లూ నేర్చుకున్నారు. వాడి పేరే వంగుడు అయిపోయింది. వాడు తిరగబడి ఒక్క తోపు తోస్తే నేను బోరింగు గుంటలో పడేవాణ్ణి. ఎందుకు తొయ్యలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సారు పెట్టిన పద్ధతి బయట కూడా చెల్లుతుందనుకున్నాడా? నేనూ అదే అనుకున్నానా? ఏది సారు చెప్పిన దెబ్బో, ఏది నా సొంత దెబ్బో నాకే తెలియకుండా పోయింది.

ఒక రోజు పరీక్ష అట్టతో వాడి ఎడమ చెవి మీద కొట్టాను. మర్నాడు దిండు మీద రక్తం మరకలు చూసి వార్డెను అడిగాడట. ప్రేయర్ అయిపోగానే హెడ్మాస్టరు నన్ను మెట్లెక్కమన్నాడు.

"ఎందుకు కొడ్తివిరా వాణ్ణి?"

"వంగినాడు సార్."

ప్రేయర్లో పిల్లలంతా నవ్వారు. నేను పొగరుగా అన్నాననుకున్నాడాయన. నాకు తెలిసిన జవాబే అది. వంగినాడు కాబట్టి కొట్టాను, అంతకు మించి నాకేం తోచలేదు. రెండు చేతులూ చాపించి బరికె విరిగేదాకా కొట్టాడు. సాటి పిల్లవాడి మీద చెయ్యెత్తితే ఎవరికైనా ఇదే గతి అన్నాడు. సాయంత్రం ఉబ్బిన చేతులు చూసి, పరువు తీశానని మా నాయన ఇంకో రెండు వేశాడు. అమ్మ ఆముదం రాసింది.

నేను చెప్పిన కథ ఇక్కడితో అయిపోయేది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజు నుంచి మిగతా పిల్లలు వాణ్ణి వంగమనడం మానేశారు. దెబ్బలు తిన్నది నేను, భయపడింది వాళ్లు. కాబట్టి బరికె అసలేమీ చెయ్యలేదని కూడా నేను అనలేను. నాకు మాత్రం అది ఇంకో పాఠం నేర్పింది. చెవి మీద కొడితే రక్తం కనపడుతుంది. కనపడని చోట కొట్టాలి. రెండు రోజులు పెన్ను పట్టుకోలేక కూర్చుని నేను ఆలోచించింది ఇదే.

మూడో రోజు హాస్టలు వెనక కంపచెట్ల దగ్గర కాచుకున్నాను. వాడు ఒక్కడే వచ్చాడు. చెవిలో దూది పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి ఆగాడు.

"నా పేరెందుకు చెప్తివి?" అన్నాను.

"నాకు నేనుగా చెప్పలేదప్పా. అడిగితే చెప్పినా."

నేను వంగమనలేదు. వాడే వంగాడు. అంగీ కప్పే చోట, వీపు మీద పిడికిళ్లతో గుద్దాను. వాచిన చేతులు నాకే నొప్పి పుట్టేవరకు గుద్దాను. నా చెయ్యి నొచ్చినా వాడి మీదే కోపం వచ్చింది. ఆగిన తర్వాత అడిగాను.

"ఈసారి ఎవురన్నా అడిగితే ఏం చెప్తావు?"

"కింద పడితినని చెప్తా."

దసరా సెలవులకు వాడు గూడెం పోయాడు. మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు వాళ్ల నాయన వచ్చి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని మా వీధి మీదుగానే పోయాడు. నేను గడప లోపల నిలబడి చూశాను. ఆ తర్వాత నేనెవరినీ కొట్టలేదన్న మాట నిజమే. వంగేవాడు లేడు కాబట్టి కొట్టలేదు. దాన్నే బుద్ధి రావడం అని చెప్పుకున్నాను.

హెడ్మాస్టరు కొట్టకుండా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగి ఉంటే మానేవాణ్ణా? ఏమో. అప్పుడు కూడా 'వంగినాడు సార్' అనే అనేవాణ్ణేమో. ఇంకా గట్టిగా కొట్టి ఉంటే మానేవాణ్ణా? అదీ తెలియదు. ఎన్నిసార్లు వెనక్కి పోయి చూసుకున్నా, నన్ను ఆపగలిగింది ఏదో నాకు దొరకడం లేదు.

ఎనభైల్లో నంద్యాలలో ఒక చిన్న బడిలో టీచరుగా చేరాను. నా తరగతిలో నేను పెట్టిన పద్ధతేమిటో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. జవాబు చెప్పినవాళ్లు చెప్పనివాళ్ల ముక్కు పట్టుకుని కొట్టాలి. ఆలోచించి పెట్టలేదు. నోట్లోంచి అదే వచ్చింది.

చేరిన మూడో ఏడో నాలుగో ఏడో, జూన్ నెలలో ఒక పొద్దున మూడో తరగతిలో అదే జరుగుతోంది. వరండాలో ఒక పొడుగాటి మనిషి, చేతిలో పలకతో ఒక ఆడపిల్ల కనపడితే బయటికి వచ్చాను. కలప డిపోలో మోత పని చేస్తాననీ, బిడ్డను ఒకటో తరగతిలో వెయ్యాలనీ చెప్పాడు. నేను మాట్లాడినప్పుడల్లా తల పక్కకు తిప్పి, కుడి చెవి నా వైపు పెట్టి, కొంచెం వంగుతున్నాడు. ఆ వంగడం చూడగానే గుర్తుపట్టాను. నేను కొట్టింది ఎడమ చెవి మీద. వినికిడి పోయింది దానివల్లనో, ఇంకేదో కారణమో నేను అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

"అడివి పిల్ల సార్. మాట యినకపోతే రెండు తగిలించండి. నేనేమీ అనుకోను," అన్నాడు.

లోపల చెంపల మీద దెబ్బలు వినపడుతున్నాయి. ఆ పిల్ల వాళ్ల నాయన పంచె పట్టుకుని కిటికీలోంచి లోపలికి చూస్తోంది.

ఆళ్లగడ్డలో చదివినావా అని అడిగాను. ఏడులో సగం దాకా చదివినానన్నాడు. అప్పుడు నిన్ను కొట్టింది నేనేనని చెప్పాను.

"శానామంది కొట్టిరి సార్ ఆడ. మీరు యే సారు?"

"సారు కాదు. నీ క్లాసే. పొట్టోణ్ణి. నాకు అందకపోతే నువ్వు వంగుతాంటివి."

నన్ను కిందికీ పైకీ చూశాడు.

"కంపల కాడ నువ్వేనా," అన్నాడు. "మళ్లా పోరా అని మా నాయన శానా చెప్పె. నేనే పోనంటి."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. తన బిడ్డను కొట్టమని ఇప్పుడే చెప్పిన మనిషి, కొట్టినందుకు బడి మానుకున్న మనిషి, ఇద్దరూ ఒకడే. వాళ్లలో ఎవరికి జవాబు చెప్పాలో నాకు తెలియలేదు. లోపలికి పోయి పిల్లల్ని చేతులు దించి కూర్చోమన్నాను. మళ్లీ వరండాలోకి వచ్చాను.

"తప్పు నాదప్పా," అన్నాను. "సారు చెప్పినాడని కాదు, నువ్వు వంగినావని కాదు. నాకు కొట్టాలనిపించి కొట్టినా. నీ సదువు నా వల్ల పాయె. నన్ను క్షమించు. నీ బిడ్డను ఈడ నేను కొట్టను, ఎవురితోనూ కొట్టించను."

ఆయనకు సరిగా వినపడలేదు. కుడి చెవి నా వైపు తిప్పి వంగబోయాడు. భుజం పట్టుకుని వంగవద్దన్నాను. ఆయన నిటారుగా నిలబడిన తర్వాత తలెత్తి చూస్తూ, లోపల కూర్చున్న పిల్లలకు కూడా వినపడేంత గట్టిగా, అదే మాట మొదటి నుంచి మళ్లీ చెప్పాను.