యాసిడ్ మీద సున్నం

మా కొత్త బాత్రూము నీళ్లు మరిది వాకిట్లోకి పారుతున్నాయని అన్నదమ్ముల మధ్య నెల రోజులుగా రగులుతోంది. ఆ పొద్దున నా మొగుడు టైల్స్ మీది సిమెంటు మరకలకు యాసిడ్ పోసి రుద్దుతున్నాడు. మరిది గడ్డపార తెచ్చి పైపు పగలగొట్టాడు. ఈయన లేచి చెంప పగిలేలా కొట్టాడు. ఇద్దరూ తడి గచ్చు మీద దొర్లారు. విడిపించబోయిన నన్ను మోచేత్తో పొడిచారు, ఎవరిదో ఇప్పటికీ తెలియదు. మరిది చేతికి యాసిడ్ సీసా అందింది. మా ఆయన మొహానికేసి విసిరాడు.

కుడి కన్ను, చెంప, మెడ. ఆ అరుపుకు వీధి వీధంతా లేచి వచ్చింది.

మా అత్త వక్కాకు సంచిలోంచి సున్నపు డబ్బీ తీసుకొని పరుగెత్తి వచ్చింది. తేలు కుట్టినా, కందిరీగ కుట్టినా మా వీధికంతా సున్నం పెట్టేది ఆమే. యాసిడ్ పులుపును కూడా సున్నమే విరుస్తుందని ఆమె నమ్మకం. వేలికి తీసుకొని కంటి దాకా తెచ్చింది. ఇంటర్ చదివే మా పాప అవ్వను రెండు చేతులా తోసేసింది. ముసలామె గోడకు కొట్టుకొని పడింది.

"సున్నం పెడితే ఉండే కన్ను గూడా పోతాది అవ్వా. నీళ్లు తేండి."

నాయన తలను కుడి పక్కకు వంచి పట్టుకొని చెంబు మీద చెంబు పోసింది. మంటకు తాళలేక ఆయన దాని చేయి నెత్తురొచ్చేలా కొరికాడు. అది వదల్లేదు. కమలాపురం నుంచి కడప దాకా ఆటోలో కూడా పోస్తూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగితే మా అత్త, సీసా చేయి జారిందని చెప్పింది. కన్ను మాట కట్టు విప్పాకే చెప్తామన్నారు. వరండాలో కూర్చున్నాక, నన్నెందుకు తోస్తివని మనవరాలిని అడిగింది. పాప చెప్పింది నాకు అక్షరం పోకుండా గుర్తుంది. ఆ యాసిడ్‌కు పులుపును కొలిచే పీహెచ్ సున్నా దగ్గర ఉంటే, క్షారాన్ని కొలిచే పీఓహెచ్ పద్నాలుగు దగ్గర ఉంటుందట. సున్నానికి తలకిందులు, పీహెచ్ పన్నెండయితే పీఓహెచ్ రెండు. ఒకటి ఎంత దిగితే రెండోది అంత ఎక్కుతుంది, కలిపితే పద్నాలుగే. పీహెచ్ ఒక్క అంకె దిగితే యాసిడ్ ఘాటు పదింతలు. ఏడూ ఏడుగా ఉండేవి మంచినీళ్లు.

"అట్లయితే నా చేతిలోది గూడా కాల్చేదేనా?"

"కాల్చేదే అవ్వా. కంట్లో అయితే ఇంకా లోతుకు పోతాది."



నాలుగో రోజు కట్టు విప్పారు. చెంప తోలు గుడ్డకు అంటుకొని ఊడి వచ్చింది. కన్ను నెత్తురు ముద్దలా ఉంది. డాక్టరు వేళ్లు చూపిస్తే ఆయన మూడు అన్నాడు. మూడే. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. అత్త ఏడవలేదు. తోలు ఊడిన ఆ చెంపనే చూసి చూసి, నడుము పట్టుకొని లేచింది. యాడికి పోతాండావని అడిగాను.

"స్టేషనుకు. సీసా జారలేదు. నా చిన్నోడు విసిరినాడు. ఆ మాట కన్నతల్లిని, నేనే చెప్తా."

మెట్లు దిగేటప్పుడు ఎవరినీ చేయి పట్టుకోనివ్వలేదు.