గంగవ్వ ఎడమ మెడ

పొద్దున ల్యాబ్ తలుపు తీయగానే స్పిరిట్ వాసన చల్లగా తగిలింది. ఆ వాసనకు ప్రతిసారీ సుగుణక్క గుర్తొస్తుంది. నిజామాబాద్‌లో నేను మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె మా సీనియర్ టెక్నీషియన్. జబ్బున్నవాళ్లతో పోల్చి చూడటానికి, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మెడ కండరాల స్పందన కొలవడం మా పని. మెడ కండరం ఎముకకు అతుక్కునే చోట రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి. చర్మానికి అంటించిన ఎలక్ట్రోడ్ బిళ్లలు స్పందనను పట్టుకుంటే తెర మీద గీత లేస్తుంది.

నాకు మనుషులకన్నా పుస్తకాలతో చనువెక్కువ. ఒకరి మెడ ముట్టుకోవాలంటే రెండుసార్లు చెయ్యి చాచి వెనక్కి తీసుకునేదాన్ని. సుగుణక్క మాత్రం "ఏం పెద్దమ్మా, చెరుకు నరుకుడు అయిందా?" అంటూనే చెయ్యి వేసేది. మాటల్లో పడి వాళ్లు మెడ వదులు చేసేవాళ్లు. "బిగవట్టిన మెడ ఏం చెప్పదే. ముందు మనిషి నవ్వాలె," అనేది నాతో.

ఒకరోజు రుద్రూర్ నుంచి గంగవ్వ వచ్చింది. మోపులు మోసిన మెడ, దాని మీద పసుపు పూసిన పుస్తెలతాడు. తాడు జరిపి, పసుపూ నూనే పోయేలా స్పిరిట్‌తో తుడిచాకే బిళ్ల అంటించాలి. జరపమని అడగడానికి నాకు నోరు రాలేదు. కుడివైపు బాగానే తుడిచాను. తాడు జారి ఉన్న ఎడమవైపు పైపైన అద్ది అంటించేశాను.

కుడివైపు తట్టగానే గీత లేచింది. ఎడమవైపు ఎన్నిసార్లు తట్టినా గజిబిజి తప్ప ఏమీ రాలేదు. "ఎడమవైపు లేదు," అని గొణిగాను.

గంగవ్వ విననే విన్నది. "ఏం లేదు బిడ్డా? నరం సచ్చిందా? మా అవ్వకు గిట్లనే ఓ పక్క పడిపోయింది!" అంటూ ఎడమచెయ్యి పైకెత్తి, వేళ్లు ముడిచి తెరిచి చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సుగుణక్క బిళ్ల అంచు లేపి చూసింది. కింద పసుపు. నన్ను తిట్టలేదు. "అవ్వకు నువ్వే చెప్పు," అంది.

"నీకేం కాలేదవ్వా. తప్పు నాది. తాడు జరుపుమననీకె సిగ్గయింది. మంచిగ తుడువలేదు," అన్నాను.

గంగవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఓసి నీ సిగ్గు పాడుగాను! గింత దానికి నా పానం తీసినవ్ గదనే," అంటూ తాడును తానే పక్కకు లాగి పట్టుకుంది. తుడిచి, కొత్త బిళ్ల అంటించి తట్టాను. గీత లేచింది. "లేసిందవ్వా!" అన్నాను. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుకు తెర మీద గీతలన్నీ చెదిరిపోయాయి. నా గుండె మీది బరువూ దిగింది.

సుగుణక్క రిటైరై బోధన్ వెళ్లిపోయింది. గీత లేవకపోతే నేనిప్పుడు మనిషిలో లోపం వెతికే ముందు నా చేతిపని చూసుకుంటాను. తప్పు నాదైతే, ఎదుటి మనిషి భయపడేలోపే చెప్పేస్తాను. సిగ్గు ఇప్పటికీ పోలేదు. సిగ్గుపడుతూనే చెప్తాను.