కౌశల్‌కి ఇచ్చిన సెల్

సింగపూర్‌లో యూ టీ అనే పేటలో ఉండే జనార్ధనరావు లిథియం సెల్ ఎంచే తీరు చూడాలి. ముందు అరచేతిలో బరువు చూసుకుంటాడు. తర్వాత ప్లాస్టిక్ తొడుగు చుట్టూ బొటనవేలి గోరు తిప్పుతాడు. ఛార్జరులో పెట్టాక, పిల్లలకు జ్వరం చూసినట్టు మాటిమాటికీ చేయి వేస్తాడు. ఒకప్పుడు హైదరాబాదులో ఇలాంటి సెల్స్‌తోనే ఈ-సిగరెట్లు సొంతంగా తయారుచేసుకునేవాడు; ఇక్కడ నిషేధం కాబట్టి పొగ మానేశాడు, సెల్స్ మానలేదు. బ్లాకులో అందరి సైకిల్ లైట్లకూ ఆయనే సెల్స్ ఎంచి, ఛార్జి చేసి ఇచ్చేవాడు. ఇప్పుడంతా పై అంతస్తులో ఉండే కౌశల్ దగ్గరికి వెళ్తున్నారు. ఆ రీసెర్చ్ విద్యార్థికి గోరు తిప్పడం నేర్పింది ఈయనే.

మొన్న ఆదివారం ఒక సెల్ తొడుగును అంచు దగ్గర బ్లేడుతో కనీ కనబడకుండా కోసి, "కాస్త ఛార్జింగ్ పెట్టివ్వవయ్యా" అంటూ కౌశల్‌కి ఇచ్చాడు. కౌశల్ గోరు తిప్పాడు. గోరు కోత దగ్గర ఆగింది. "వద్దంకుల్, చిరిగింది. షార్టయితే ఫ్లాటే అంటుకుంటుంది. మీరేగా చెప్పింది!" అని నవ్వి, కొత్త తొడుగు వేసిచ్చాడు. ఈయన వేసేదానికంటే నున్నగా వేశాడు.

ఇంటికి రాగానే భార్య సుభద్ర అడిగింది, "ఏమన్నాడు కౌశల్?"

"వాడికేం తెలుసు? చూడకుండానే ఛార్జరులో పెట్టబోయాడు. బ్లాకులో నలుగురికీ చెప్పు."