చివరి పదహారు పేజీలు

ప్రెస్సులో అతన్ని అందరూ సారాంశం గారు అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. దాన్ని పిలవడానికి ఎవరూ వాడరు.

పరీక్షలకు చదివేవాళ్ళ కోసం గైడ్లు రాయడం అతని పని. సాహిత్యం పేపరు మొత్తం అతనిదే. పాత నవలలు, పాత నాటకాలు. ప్రతి పుస్తకానికీ సారాంశం ఒక పేజీ, ఇతివృత్తం ఒక పేజీ, ఒక్కో పాత్రకు పదిహేను వరుసలు, ప్రతీకలు నాలుగు. నాలుగుకు తగ్గకూడదు. లేని పుస్తకంలో కూడా నాలుగు దొరుకుతాయి. వాన ఉంటే దుఃఖం. కిటికీ ఉంటే స్వేచ్ఛ. దారి ఉంటే జీవితం. ఇవేవీ లేకపోయినా గోడ ఎలాగూ ఉంటుంది. గోడ సంఘం.

గైడు అట్ట మీద ‘అనుభవజ్ఞులైన అధ్యాపకుల బృందం’ అని ఉంటుంది. బృందం అతనొక్కడే. అధ్యాపకుడు కూడా కాదు. మొదట్లో ప్రూఫులు దిద్దేవాడు. ఒక ఏడాది రాసే ఆయన మధ్యలో మానేస్తే, మిగిలిన సగం ఇతను పూర్తి చేశాడు. ఎవరికీ తేడా తెలియలేదు. అప్పటినుంచి రాస్తున్నాడు. ఇరవై రెండేళ్ళయింది.

అతని గది మేడ మీద. కింద అచ్చు యంత్రం తిరుగుతుంటే బల్ల సన్నగా వణుకుతుంది. చేతిరాత కూడా ఆ వణుకుతో కలిసి అలవాటైంది. యంత్రం ఆగినప్పుడు అక్షరాలు వంకర పోతాయి.

మూడేళ్ళ కిందట భార్య చనిపోయింది. నాలుగో రోజు పనికి వచ్చాడు. ఆ రోజు రాసిన జవాబు ‘నవలలో దుఃఖ చిత్రణ’. పది మార్కులది. ఒక్క కొట్టివేత లేదు. కంపోజింగు చేసే ఆవిడ ఆ కాగితం చూసి, అలాగే టైపు చేసింది.

ఈమధ్య ఒక మంగళవారం మధ్యాహ్నం మేనకోడలు మేడ మెట్లెక్కి వచ్చింది. అతని చెల్లెలి కూతురు. ఊళ్ళోని గ్రంథాలయంలో ఆరేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగం. ఆ ఉద్యోగం పర్మనెంటు కావాలంటే డిగ్రీ కావాలి. అన్ని పేపర్లూ గట్టెక్కాయి. సాహిత్యం ఒక్కటే నాలుగు మార్కుల తేడాతో పోయింది. ఈ నెలాఖరులోగా పాసైన కాగితం చూపించకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆ ఇంకొకరు అప్పుడే ఒకసారి వచ్చి కుర్చీ చూసుకుని వెళ్ళారట.

“రీవాల్యుయేషన్ పెట్టావు కదమ్మా?” అన్నాడు.

“పెట్టాను మామయ్యా. ఇదిగో సమాధానం.”

రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. మొదటిది పరీక్షల ఆఫీసు ఉత్తరం. ఎనిమిదో ప్రశ్న, పది మార్కులు: నవల ముగింపులో లాంతరు దేనికి ప్రతీక? జవాబు ‘కీ’తో సరిపోలడం లేదు. సున్నా. ప్రామాణిక వ్యాఖ్యానం జతపరచడమైనది.

రెండో కాగితం ఆ ప్రామాణిక వ్యాఖ్యానం. గైడులో నూట పధ్నాలుగో పేజీ జిరాక్సు. అతను రాసిందే.

“నా గైడు నీకిచ్చాను కదా.”

“ఇచ్చావు. నవలే పక్క బీరువాలో ఉంటే గైడెందుకని దాన్నే చదివాను. అదే తప్పయింది.”

ఆ పాత నవల అతనికి కంఠతా వచ్చు. రేవులో పడవవాడు, అతని భార్య. వరదలో పడవవాడు కొట్టుకుపోతాడు. తిరిగొస్తాడేమోనని ఆమె రోజూ సాయంత్రం రేవులో లాంతరు వేలాడదీస్తుంది. పధ్నాలుగేళ్ళు. చివరి వాక్యం కూడా చెప్పగలడు. ‘ఆమె లాంతరులో నూనె పోసి, వత్తి సరిచేసి, రేవు వైపు నడిచింది.’ అంతే. పడవవాడు వచ్చాడా లేదా రచయిత చెప్పడు. ఆరని లాంతరు ఆశకు ప్రతీక. ముగింపును పాఠకుడి ఊహకు వదిలేయడం ఈ నవల ప్రత్యేకత. ఈ ప్రత్యేకత మీద విడిగా ఐదు మార్కుల జవాబు కూడా రాశాడు. అది నాలుగుసార్లు పరీక్షలో వచ్చింది.

“నువ్వేం రాశావు?”

“ఆమె రేవుకి వెళ్ళలేదని రాశాను. సగం దారిలో వెనక్కి వచ్చి, లాంతరు ఇంట్లో పెట్టుకుని, చిరిగిన రవిక కుట్టుకుందని రాశాను. కాబట్టి చివర్లో అది ఆశా కాదు, ఏదీ కాదు, కుట్టుకోడానికి వెలుతురని రాశాను.”

“అదెక్కడుంది?”

“పుస్తకంలో.”

అతను సొరుగు లాగి తన ప్రతి తీశాడు. పాత పుస్తకాల దుకాణంలో కొన్నది. అట్ట ఊడితే తనే అంటించుకున్నాడు. చివరి పేజీ రెండు వందల నలభై. పేజీ అడుగున నిండు వాక్యం, చుక్క. ఆ తర్వాత అట్ట.

మేనకోడలు సంచిలోంచి గ్రంథాలయం ప్రతి తీసి పక్కన పెట్టింది. రెండు వందల యాభై ఆరు పేజీలు.

ప్రెస్సులో పనిచేసేవాడికి చెప్పక్కర్లేదు. పదహారు పేజీలు ఒక ఫారం. బైండింగులో చివరి ఫారం కుట్టడం మరిచిపోయారు. వాక్యం పేజీ చివర్లోనే ముగియడం వల్ల అనుమానం రాలేదు. ‘సమాప్తం’ అన్న మాట లేకపోతే, గొప్ప నవలలు అలాగే ఉంటాయనుకున్నాడు.

“ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదా మామయ్యా?”

“ఎవరు చెప్తారు? పాఠం చెప్పేవాళ్ళు గైడు చూసి చెప్తారు. పేపరు ఇచ్చేవాళ్ళు గైడు చూసి ఇస్తారు. దిద్దేవాళ్ళకు కీ ఉంది.”

“కీ ఎక్కణ్ణుంచి వచ్చింది?”

అతను జిరాక్సు వైపు చూశాడు.

“గుడ్డోడి భుజం గుడ్డోడు పట్టుకున్నట్టుంది” అంది. నవ్వబోయి మానేసింది.

ఆమె ఎదురుగానే ఆ పదహారు పేజీలు చదివాడు. రెండు వందల నలభై ఒకటో పేజీ మొదటి వాక్యం: ‘రేవు దాకా వెళ్ళలేదు.’ ఆమె దారిలో నిలబడుతుంది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయనుకుంటుంది. వెనక్కి వస్తుంది. లాంతరు వంటింటి మేకుకు తగిలిస్తుంది. సూదిలో దారం ఎక్కించడానికి మూడు పేజీలు. కుట్టు నాలుగు పేజీలు. మిగిలినవి నిద్ర.

కింద యంత్రం తిరుగుతూనే ఉంది. అతను పుస్తకం మూశాడు.

“ఎలా ఉంది?”

“పదహారు పేజీలు” అన్నాడు.

లోపల ఏదైనా కదులుతుందేమోనని కాసేపు చూసుకున్నాడు. సూది, ఏకాగ్రత. మేకు, స్థిరత్వం. నొప్పి పుట్టిన కాళ్ళు, కాలం. ఇవే వచ్చాయి, నాలుగుకు ఒకటి తక్కువగా.

“ఆఫీసులో అడిగాను” అంది మేనకోడలు. “వ్యాఖ్యానం రాసినవాళ్ళే తప్పని రాసిస్తే మళ్ళీ చూస్తారట. నువ్వు రాసివ్వాలి మామయ్యా. నేను బతిమాలను. అడుగుతున్నానంతే.”

“మా యజమానికి చెప్పాలి.”

“చెప్పు. ఇంకా పదకొండు రోజులుంది.”

యజమాని అతనికంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. తండ్రి నుంచి ప్రెస్సు వచ్చింది. తండ్రి పిలిచినట్టే తనొక్కడూ మాస్టారూ అని పిలుస్తాడు. విషయం విని, లేచి, గోడౌను తలుపు తీసి చూపించాడు.

“చూశారా మాస్టారూ? కొత్త ప్రింటు. పద్దెనిమిది వేలు. వచ్చేవారం బళ్ళెక్కాలి. ఇప్పుడొచ్చి ముగింపు తప్పంటారేంటండీ?”

“తప్పే.”

“ఇరవై రెండేళ్ళు ఒప్పుగా ఉన్నది ఇవాళ తప్పెలా అయింది? లక్షమంది పాసయ్యారు దాంతో. వాళ్ళందర్నీ పిలిచి మళ్ళీ పరీక్ష పెడతామా?”

అతను పుస్తకాల దొంతరల వైపు చూశాడు.

“మీ అమ్మాయికి ఒక్క మాట చెప్పండి. సప్లిమెంటరీ వస్తుంది. ఆశ అని రాయమనండి. రెండక్షరాల పని. రచయిత పోయాడు, రేవూ పోయింది. మనమెందుకండీ ఆ ఆవిడ లాంతరు ఎక్కడ పెట్టుకుందో పట్టించుకోడం?”

“సప్లిమెంటరీ మూడు నెలల తర్వాత.”

“అయితే?”

“కుర్చీ ఉండదు.”

యజమాని అతని ముఖంలోకి చూశాడు. కోపమో బాధో కనిపిస్తే దానికి తగిన జవాబు ఉండేది. ఏమీ కనిపించలేదు. “కూర్చున్న కొమ్మ నరుక్కుంటానంటే మీ ఇష్టం” అని గోడౌను తలుపు వేశాడు.

ఆ సాయంత్రం చెల్లెలి ఇస్త్రీ దుకాణానికి వెళ్ళాడు. రోడ్డు మీదికి తెరిచి ఉన్న ఒంటి గది. చెల్లెలు చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లి పెట్టె నొక్కుతోంది. అన్నయ్యను చూసి స్టూలు కాలితో ముందుకు తోసింది.

“చెప్పింది. ఏం చేద్దామనుకుంటున్నావు?”

“చూస్తున్నాను.”

“నువ్వెప్పుడూ చూస్తూనే ఉంటావు. వదిన ఆసుపత్రిలో ఉన్నప్పుడూ చూస్తూనే ఉన్నావు. డాక్టరు వచ్చి చెప్తే సరేనండీ అన్నావు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడితో అన్నట్టు.”

“మరేమనాలి?”

“అదే నాకూ తెలీదులే.” చొక్కా మడిచి, దొంతర మీద పెట్టింది. “నాకు చదువు లేదన్నయ్యా. ఆ లాంతరు గోల నాకక్కర్లేదు. పిల్లకి ముప్పై దాటింది. ఆరేళ్ళుగా రోజూ తాళం తీసేది అదే, వేసేది అదే. సంతకం మాత్రం ఇంకొకరిది. నీ ఉద్యోగం పోతుందని భయమా?”

అతను ఆలోచించాడు. “భయం లేదు” అన్నాడు. అది నిజమే. ఇష్టమూ లేదు. రెండూ లేనిచోట పని మాత్రమే మిగులుతుంది. రాయాల్సిన కాగితం ఒకటుంది. అది రాయగలవాడు అతనొక్కడే.

“భయం లేకపోతే రాసెయ్. ఉంటే కూడా రాసెయ్” అంది చెల్లెలు, ఇంకో చొక్కా పరిచి.

మర్నాడు పది గంటలకు పరీక్షల ఆఫీసుకు వెళ్ళాడు. మేనకోడలు వరండాలో బెంచీ మీద ఉంది. లోపల గుమస్తా అతని కాగితం రెండుసార్లు చదివాడు. అందులో ఐదు వరుసలున్నాయి. గైడు రాసింది నేను. నా ప్రతిలో చివరి ఫారం లేదు. నేను రాసిన ముగింపు నవలలో లేదు. అభ్యర్థి రాసిన ముగింపు ఉంది. పూర్తి పుస్తకం జతపరుస్తున్నాను.

“చివరి ఫారం లేదా?” అన్నాడు గుమస్తా.

“లేదు.”

“మరి ప్రతీక ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“అలవాటు మీద.”

గుమస్తా నవ్వాడు. తర్వాత ఇతను నవ్వడం లేదని చూసి ఆపుకున్నాడు. “మా వాడు కూడా ఇదే రాసి పాసయ్యాడండీ. ఎంత బాగా చెప్పేవాడో, ఆరని లాంతరు, ఆరని లాంతరు అని.” ఒక ఫారం ముందుకు తోశాడు. “బృందం అని ఉంది కదా, సభ్యులందరూ సంతకం పెట్టాలి. ఐదు గడులున్నాయి.”

“నేనొక్కణ్ణే.”

“ఖాళీగా ఉంటే పైన తిప్పి పంపేస్తారండీ.”

“ఐదూ నేనే పెట్టనా?”

గుమస్తా వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించాడు. “నాకు చెప్పకండి. పెట్టండి.”

ఐదు గడుల్లోనూ సంతకం పెట్టాడు. కింద యంత్రం లేదు కాబట్టి అక్షరాలు వంకరపోయాయి. ఐదు సంతకాలూ ఐదుగురివిలాగే ఉన్నాయి.

ఇరవై ఎనిమిదో తారీఖున ఉత్తరం వచ్చింది. పదికి ఆరు. ‘భాష సాదాగా ఉన్నందున, ప్రతీక పేర్కొననందున’ నాలుగు తగ్గించారు. నాలుగు చాలు, ఆరు వచ్చాయి. మేనకోడలు ఇరవై తొమ్మిదిన గ్రంథాలయంలో కాగితం ఇచ్చింది. కుర్చీ అదే. సంతకం మారింది.

యజమాని అతన్ని తీసెయ్యలేదు. తీసేస్తే రాసేవాడు లేడు. “చేసినవాళ్ళే కడుక్కోవాలి మాస్టారూ” అని సవరణ చీటీలు అచ్చు వేయించాడు. పద్దెనిమిది వేల పుస్తకాల్లో నూట పధ్నాలుగో పేజీ మీద చీటీ అంటించాలి. చీటీలో ఏముండాలో కూడా అతనే రాయాలి.

రాసిచ్చాడు. ‘ఆమె దారిలోంచి వెనక్కి వచ్చింది. లాంతరు ఇంట్లో తగిలించి, ఆ వెలుతురులో రవిక కుట్టుకుని, పడుకుంది.’

“బాగానే ఉంది. దేనికి ప్రతీకో రాయలేదే?” అన్నాడు యజమాని.

“దొరకలేదు.”

“మీకు దొరకకపోవడమేంటండీ? గోడలో కూడా సంఘం దొరికింది మీకు. ఏదో ఒకటి పడెయ్యండి. ఆత్మగౌరవం అనండి. మార్కులెయ్యాలా వద్దా?”

అతను కలం పట్టుకుని పావుగంట కూర్చున్నాడు. ఆత్మగౌరవం. సరిపోతుంది. ఏకాంతం. అదీ సరిపోతుంది. ఏది పెట్టినా సరిపోయేలా ఉంది. కాగితం అలాగే తిరిగిచ్చాడు. యజమాని తల పట్టుకుని, అలాగే అచ్చుకు పంపాడు.

మొదటి విడత వెళ్ళిన రెండు వారాలకు ఒక కళాశాల అధ్యాపకుడి ఉత్తరం వచ్చింది. ముగింపు ఎందుకు మార్చారని అడిగాడు. పాతదే బాగుందన్నాడు. పిల్లలు కూడా పాతదే ఇష్టపడుతున్నారన్నాడు.

ఆదివారం మేనకోడలు గోడౌనుకు వచ్చింది. చేతిలో జిగురు డబ్బా. ఇంకా ఏడు వేల పుస్తకాలున్నాయి. ఇద్దరూ నేల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. అతను పేజీ తెరుస్తాడు, ఆమె చీటీ అంటిస్తుంది.

“మామయ్యా, కుట్టుకుంటున్నప్పుడు ఆవిడకు ఏమనిపించి ఉంటుందంటావు?”

“రాయలేదు కదా.”

“రాయలేదు. నిన్నడుగుతున్నాను.”

అతను పేజీ తెరిచి పట్టుకున్నాడు. ఆమె చీటీ పట్టుకుని ఆగింది. జిగురు ఆరడం మొదలైంది.

“తెలీదమ్మా” అన్నాడు. “ఏమీ అనిపించలేదేమో. అలా కూడా ఉంటుంది.”

మేనకోడలు అతని వైపు ఒకసారి చూసింది. చీటీకి మళ్ళీ జిగురు రాసి, వంకర లేకుండా అంటించి, బొటనవేలితో నాలుగు మూలలూ నొక్కింది.

అతను ఇంకో పుస్తకం తెరిచాడు.