కాపలా తీసేసిన మాత్ర

పులివెందుల నుంచి జమ్మలమడుగు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె పేరు నేను అడగలేదు. ఒళ్లో ఆసుపత్రి కాగితాల సంచి ఉంది. ముద్దనూరు దాటాక తనే మాట్లాడింది.

"మా ఇంటాయన అరటితోటల్లో ఉట్టికాళ్లతో పనిచేస్తాండెనప్పా. మట్టిలోని సన్న పురుగు అరికాల్లో దూరి పేగుల్లో చేరిందంట. ఏండ్లుగా ఒళ్లే దాన్ని అణిచిపెట్టి కాపలా కాస్తాండిందంట. ఆయాసమని పోతే మందులషాపోడు చిన్న తెల్లమాత్రలిచ్చినాడు. తగ్గిందని నెలంతా మింగినాడు. ఆ మాత్రలు ఒంట్లో కాపలానే పడగొట్టినాయంట. పురుగులు శానా పెరిగి ఊపిరితిత్తులకెక్కినాయి. పెద్దడాక్టరు కనిపెట్టేతలికి మనిషి లేడు."

ఆమె ఏడవలేదు. గొంతు మాత్రం బస్సంతా వినిపించేలా లేచింది.

"డాక్టరు చీటీ యాడుందని ఒక్కమాట అడిగింటే వాని సొమ్మేం పోయేది?"

ఆమె నావైపు తిరిగింది.

"నువ్వేం చేస్తావప్పా?"

నాది జమ్మలమడుగులో మందుల షాపు. చీటీ లేకుండా ఆ స్టెరాయిడ్ మాత్రలు నేను ఎంతమందికి ఇచ్చానో నాకే తెలియదు.

"టీచర్ని" అన్నాను.

"అయితే పిల్లోళ్లకన్నా చెప్పు" అంది.

ఆ అబద్ధం తలుచుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతుంది. ఇప్పుడు చీటీ లేనిదే ఇవ్వను. జనం నన్ను తిట్టి ఎదురు షాపులో కొంటారు. మొన్న ఒక తోటకూలీ అట్లే కొనుక్కొని పోతుంటే రోడ్డు దాటి పరుగెత్తి చేతిలోని మాత్రలు లాక్కున్నాను.

"నీకేమన్నా పిచ్చా?" అని అరిచాడు.

"పిచ్చే! డాక్టరు దగ్గరికి నడువు, నేనూ వస్తా" అని అంతకంటే గట్టిగా అరిచాను.